ధైర్యం ఆమె ఒక్కదాని బాధ్యతా?

2021 డిసెంబరులో నటి హంసా నందిని గుండుతో, చిరునవ్వుతో దిగిన ఫొటో పెట్టి, తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని బాహాటంగా చెప్పారు. కన్నతల్లిని బలిగొన్న జబ్బే తనకూ వచ్చినా దాచుకోలేదు, తల దించుకోలేదు. చికిత్సలో ఉన్న ఎందరో ఆడపడుచులకు ఆ ఫొటో కొండంత అండ.

అయితే, ధైర్యంగా ఉండమని చెప్పేసి మనం చేతులు దులుపుకొంటే చాలదు. కీమో ఎక్కించుకుని వచ్చిన ఇల్లాలికి నోరు పూసి మెతుకు దిగదు. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడొస్తుంది. ఆ పూట ఆమెకు కావాల్సింది కారం లేకుండా మెత్తగా పిసికిన అన్నం, వంటింటి భారం నెత్తినేసుకునే భర్త, తర్వాతి డోసు గురించి విడమరిచి చెప్పే డాక్టరు. కీమో ముగిశాక జుట్టు చాలామందికి మళ్లీ వస్తుందన్న ఒక్క మాటతో సగం దిగులు తీరుతుంది.

ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం చికిత్స ఖర్చు భరిస్తోంది, మంచిదే. కానీ జిల్లాల నుంచి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి దాకా వచ్చే పేద మహిళకు దారి ఖర్చులూ, మనసు విప్పి మాట్లాడే కౌన్సెలరూ వైద్యంలో భాగం కావాలి. ఇంకో మాట, రొమ్ములో గడ్డ తగిలితే సిగ్గుపడి దాచొద్దు. తొలిదశలోనే పట్టుకుంటే నయమయ్యే అవకాశాలు మెండు. ఈ సంగతి ప్రతి ఇంటికీ చేరాలి.