జోరు గాలికి ఛోటా పతంగ్



మన ఇళ్లలో పతంగ్ మౌసమ్ అంటే సంక్రాంతి. జనవరి దాటితే చరఖ్ అటకెక్కుతుంది. అసలు గాలి మాత్రం జూన్, జూలైల్లో వీస్తుంది. అనంతపురం వైపు ఆ నెలల్లో గాలిమరలు ఆగకుండా తిరుగుతాయి. మిద్దె మీద ఆరేసిన దుపట్టా పక్క గల్లీలో దొరుకుతుంది. ఆ గాలికి మన కాగితం పతంగ్ లేపితే పుల్ల విరుగుతుంది, లేదా కాగితం ఫట్‌మని చినుగుతుంది. దాంతో గాలిని తిట్టుకుంటూ కూర్చుంటాం. గాలిని తిట్టొద్దని, అందులోని ఖైర్ అడగమని మన నబీ (సల్లల్లాహు అలైహి వసల్లం) తాలీమ్ ఇచ్చారు కదా!

ఆ గాలికి తగిన పతంగ్ వేరే ఉంది. రెండు దారాల ఛోటా స్పోర్ట్ పతంగ్. రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకి మీటరు, లేదా ఇంకా తక్కువ. నైలాన్ బట్ట, కార్బన్ పుల్లలు. కుడి చేయి లాగితే కుడికి తిరుగుతుంది, ఎడమ చేయి లాగితే ఎడమకి. రెండు చేతులూ బరాబర్ ఉంటే సీదా పోతుంది.

గాలి జోరుగా ఉంటే పెద్ద పతంగ్ తియ్యాలన్నది మన మగవాళ్ల జిద్. హిసాబ్ చూస్తే ఉల్టా. గాలి వేగం రెండింతలైతే లాగే తాఖత్ రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలికి హాయిగా లాగే పతంగ్, 40కి వచ్చేసరికి పిల్లవాణ్ణి ఈడ్చుకుపోతుంది. అదే ఆకారంలో పొడవు, వెడల్పు సగం చేస్తే బట్ట నాలుగో వంతే ఉంటుంది, లాగుడు మళ్లీ మామూలుకి వస్తుంది. కాబట్టి చిన్నదంటే చిన్నపిల్లల ఆటబొమ్మ అనుకోకండి. నిజానికి పెద్దదానికన్నా ఇదే చురుకు. చేయి జానెడు కదిపితే గిర్రున తిరిగి నేలకు కొట్టుకుంటుంది. వేళ్ల కదలిక సరిపోతుంది. అది నేర్చుకోవడానికి సబర్ కావాలి, మజా కూడా అందులోనే ఉంది.

ఇక అసలు మాట. పతంగ్‌బాజీ మీద ఉలమా ఎతరాజ్ చేస్తే కుర్రాళ్లు నవ్వేస్తారు. నేను నవ్వను. ఇంకొకరి పతంగ్ కోయడం, తెగినదాన్ని లూటీ చేయడం, అసర్ ఖజా చేసుకోవడం, మాంజాతో దారినపోయేవాడి గొంతుకు జఖమ్: ఇవన్నీ మన కళ్లముందున్నవే. చైనా మాంజాను గ్రీన్ ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. అయినా దొంగచాటుగా అమ్మేవాళ్లున్నారు, కొనేవాళ్లలో మన బచ్చాలూ ఉన్నారు. నా రాయ్‌లో ఫసాద్ పేచ్‌లో ఉంది, పతంగ్‌లో లేదు. రెండు దారాల పతంగ్‌కి గాజుపొడి అక్కర్లేదు, కోయడానికి ఎదుటివాడే లేడు. గెలుపోటములు నీకూ గాలికీ మధ్యనే.

ఇంకో ఫాయిదా, దీన్ని మిద్దె మీద ఎగరేయడం కుదరదు. ఇళ్ల మధ్య గాలి ముక్కలై సుడులు తిరుగుతుంది. ఖుల్లా మైదానం కావాలి. అంటే అబ్బా వెంట ఉండాలి, బేటీని కూడా తీసుకెళ్లొచ్చు. మన ఆడపిల్లల చేతికి మనం ఇన్నాళ్లూ చరఖ్ మాత్రమే ఇచ్చాం. పతంగ్ ఎప్పుడిచ్చాం?

ధర మన కాగితం పతంగ్ కన్నా చాలా ఎక్కువ, నిజమే. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల పిల్లలకు కలిపి ఒకటి తీసుకోండి.

మాంజా లేదు కాబట్టి ఖతరా లేదనుకోవద్దు. ఆ దారం సన్నగా, గట్టిగా ఉంటుంది. వేలికి చుట్టుకుంటే కోసేస్తుంది. పట్టీలతోనే పట్టుకోవాలి. చూసేవాళ్లు ఎగరేసేవాడి వెనక నిలబడాలి, పతంగ్ కింద ఎవరూ ఉండకూడదు. లాగుడు ఎక్కువైతే వెనక్కి కాదు, ముందుకు, పతంగ్ వైపు నడవమని బచ్చాలకు ముందే చెప్పండి. లాగుడు తగ్గుతుంది. పక్కకి, గాలి అంచుకి తిప్పితే దానంతటదే నెమ్మదిస్తుంది. కరెంటు తీగల దగ్గర అస్సలు వద్దు. దూరాన మెరుపు కనిపించినా దించేయాలి.

అసర్ చదువుకుని బయల్దేరండి. మగ్రిబ్ అజాన్‌కి దారాలు చుట్టేయొచ్చు.