గొడ్డలి అలవాటు, గొలుసు రంపం: చెట్టెక్కే కార్మికుని భద్రత విస్తరణ విద్యలో భాగం కావాలి

ఆర్మూర్ ప్రాంతంలో జనవరి నుంచి మార్చి వరకు పసుపు తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం ఒకదాని వెంట ఒకటి సాగుతాయి. ఆవిరి బాయిలర్లు వచ్చిన తరువాత కూడా వాటి కింద చాలాచోట్ల మండుతున్నవి కట్టెలే. ఆ కట్టెల కోసం, పైరు మీద పడే నీడ తగ్గించడం కోసం, విద్యుత్ తీగలకు అడ్డం వచ్చే కొమ్మల తొలగింపు కోసం గట్ల మీది వేప, చింత, తుమ్మ చెట్లను ఎక్కే మనుషులు కావాలి. ఒకప్పుడు వారి చేతిలో గొడ్డలి ఉండేది. నేడు పెట్రోలుతో నడిచే గొలుసు రంపం ఉంటున్నది. పసుపు విత్తన శుద్ధి నుంచి కుర్కుమిన్ శాతం వరకు ప్రతి అంశంపై మనం సిఫారసులు ఇస్తున్నాము. చెట్టుపై రంపం పట్టిన మనిషికి మాత్రం మనం చెబుతున్నది అత్యల్పం.

ఈ లోటును కేవలం 'అవగాహన లేకపోవడం'గా చూడరాదని నా అభిప్రాయం. చెట్టెక్కేవారు అజాగ్రత్తపరులు కారు. ఏళ్ల తరబడి ప్రాణాలతో దిగివచ్చిన అనుభవం వారిది. అయితే ఆ అనుభవం గొడ్డలితో వచ్చినది. గొడ్డలికి సరిపోయిన అలవాట్లే గొలుసు రంపం విషయంలో ప్రాణాంతకమవుతున్నాయి. కనుక మనం మార్చవలసినది వారి జ్ఞానాన్ని కాదు, చేతుల అలవాటును.

పాత అలవాటు, కొత్త పనిముట్టు

గొడ్డలి పట్టినవాడు ఒక చేత్తో కొమ్మను పట్టుకొని, మరొక చేత్తో నరుకుతాడు. అది అతనికి రక్షణ. అదే అలవాటుతో రంపాన్ని ఒంటి చేత్తో పట్టితే దాని ఊపును అదుపు చేసే శక్తి చేతికి ఉండదు. రంపపు గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది. బార్ కొనపై భాగం మరొక కొమ్మకు తగిలితే రంపం ఎగిరి మనిషి ముఖం, మెడ వైపునకు వస్తుంది. దీనినే కిక్‌బ్యాక్ అంటారు. మనిషి గుర్తించి చేయి కదిపే లోపే అది జరిగిపోతుంది. అందుకే ముందు చేయి పట్టు వద్ద గొలుసును ఆపే బ్రేకును అమర్చారు. ముందు పిడిని పట్టుకోని చేయి ఆ బ్రేకును ఉపయోగించుకోలేదు.

రెండవది తాడు. గొడ్డలి వేటు గురి తప్పినా నడుముకు కట్టిన తాడు తెగడం అరుదు. కదులుతున్న గొలుసు తాకితే అదే తాడు క్షణంలో తెగుతుంది. అమెరికాలో వృక్ష సంరక్షకుల భద్రతా ప్రమాణం, చెట్టుపై గొలుసు రంపం వాడేటప్పుడు రెండవ కట్టు ఉండాలనీ, రంపాన్ని రెండు చేతులతో పట్టాలనీ నిర్దేశించడానికి కారణమిదే. లోపల ఉక్కు తీగ ఉన్న నడుము తాళ్లు వాడుకలోకి రావడానికి కారణమూ ఇదే.

మూడవది విరామం. చేయి ఆగితే గొడ్డలి ఆగుతుంది. ట్రిగ్గర్ వదిలిన తరువాత కూడా గొలుసు కొంతసేపు తిరుగుతుంది. కొమ్మ మారేటప్పుడు దానిని తొడ పక్కన వేలాడదీయడం గొడ్డలి నాటి అలవాటే.

గీత వృత్తి చూపిన దారి

మన రాష్ట్రంలో చెట్టెక్కే వృత్తి భద్రతపై ఇటీవల జరిగిన గట్టి ప్రయత్నం గీత కార్మికులకు సంబంధించినది. వారి కులదైవం పేరిట 'కాటమయ్య రక్షణ కవచం' కిట్ల పంపిణీని ప్రభుత్వం 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ప్రారంభించింది. పర్వతారోహణ తరహా తాళ్లు, క్లిప్పులు, పట్టీలతో కూడిన ఈ కిట్‌తో పాటు దాని వాడకంలో శిక్షణ కూడా ఇవ్వడం గమనార్హం. మోకును నమ్ముకొని తరతరాలుగా తాడిచెట్లు ఎక్కినవారికి అదనపు రక్షణ అవసరమని గుర్తించినప్పుడు, పైన యంత్రం కూడా నడిపేవారికి అది ఇంకెంత అవసరమో చెప్పనక్కరలేదు. ఎవరెస్టును 2014లో అధిరోహించిన మాలావత్ పూర్ణ పుట్టిన జిల్లాలో తాడు విలువను మరొకరు వచ్చి చెప్పవలసిన పని అసలే లేదు.

కేరళ అనుభవం కూడా పరిశీలించదగినది. కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో 'కొబ్బరి చెట్టు నేస్తాలు' అనే శిక్షణ కార్యక్రమం ప్రారంభించింది. చెట్టెక్కే యంత్రంపై శిక్షణతో పాటు ప్రమాద బీమాను కూడా అందుబాటులోకి తెచ్చింది. నైపుణ్యం, పనిముట్టు, బీమా ఈ మూడింటినీ విడదీయకపోవడమే అందులోని మేలు. చెట్టుకింత అని గుత్తకు వచ్చే మన కొమ్మల కోతగాండ్రకు సాధారణంగా వెనుక సంఘం గాని, యజమాని గాని ఉండరు. ఆ రోజుకు పని చెప్పిన రైతే ఆచరణలో యజమాని.

ముందుగా నేర్పవలసినవి

ఖర్చు లేని అలవాట్లతోనే శిక్షణ మొదలు కావాలి. రంపాన్ని నేల మీదనే స్టార్ట్ చేసి, వేడెక్కించి, బ్రేకు పనిచేస్తున్నదో లేదో చూసి, ఆపివేసి తాడుతో పైకి పంపాలి. కోత మొదలుపెట్టే ముందు రెండవ కట్టు వేసుకోవాలి. రంపాన్ని రెండు చేతులతోనే పట్టాలి. భుజం కంటే ఎత్తులో కోయరాదు. కొమ్మ మారే ప్రతిసారీ బ్రేకు వేయాలి లేదా ఇంజిన్ ఆపాలి. బరువైన కొమ్మకు ముందు అడుగు వైపు గాటు పెట్టి, తరువాత పైనుంచి కోస్తే బెరడు చీలి మనిషి వైపు రాదు. కింద ఒక తోడు మనిషి ఉండాలి. కొమ్మలు పడే పరిధిలోకి అతడు గాని, కట్టెలు ఏరేవారు గాని రాకూడదు. తీగల దగ్గర సరఫరా నిలిపినట్లు విద్యుత్ సిబ్బంది ధ్రువీకరించనిదే చెట్టు ఎక్కరాదు.

హెల్మెట్, కంటి అద్దాలు, చెవి రక్షణ, రంపం తగిలినప్పుడు పోగులు బయటికి వచ్చి గొలుసును నిలిపివేసే ప్రత్యేక ప్యాంటు ఆ తరువాతి మెట్టు. ఎండలో ఆ ప్యాంటు భరించడం కష్టమన్న ఫిర్యాదు న్యాయమైనదే. పనిని తెల్లవారుజామున ముగించడం, పసుపు ఉడికింపు కట్టెలను ఎండలు ముదరక ముందే కొట్టించుకోవడం దానికి కొంత పరిష్కారం. 'ఇవన్నీ చేస్తే రోజుకు రెండు చెట్లు తగ్గుతాయి' అన్న వాదనకు మాత్రం ఉపదేశం సమాధానం కాదు. ఒకే రకం చెట్లపై రెండు పద్ధతుల్లో పట్టే సమయాన్ని కొలిచి చూపాలి. అది ఒక మంచి విద్యార్థి పరిశోధనాంశం.

మన బాధ్యత

యంత్రం వచ్చిన తరువాత భద్రత ఆలస్యంగా రావడం మనకు కొత్త కాదు. పవర్ త్రెషర్లలో చేతులు పోయిన తరువాతే 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. త్రెషర్‌తో పాటు గ్రామీణ రంగంలోని ఇతర యంత్రాలను కూడా దాని పరిధిలోకి తెచ్చే అధికారం కేంద్రానికి ఉంది. గొలుసు రంపం విషయంలో ఆ చర్చను మొదలుపెట్టవలసినది వ్యవసాయ ఇంజినీర్లే.

చట్టం వచ్చే వరకు ఆగనక్కరలేదు. రుద్రూర్ కృషి విజ్ఞాన కేంద్రం, కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన స్థానం కలిసి పసుపు తవ్వకాలకు ముందు, డిసెంబరులో, ఒకరోజు క్షేత్ర శిక్షణ ఏర్పాటు చేయవచ్చు. అది సభామందిరంలో కాక చెట్టు కింద జరగాలి: మొదట నేల మీది దుంగపై, తరువాత అందేంత ఎత్తు కొమ్మపై. బోధించేవారిలో అనుభవజ్ఞుడైన గీత కార్మికుడు ఒకరుండాలి. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో గ్రామాలకు వెళ్లే విద్యార్థులు అక్కడి కోతగాండ్రను గుర్తించి, తృటిలో తప్పిన ప్రమాదాలను నమోదు చేయాలి. అసంఘటిత కార్మికుల కోసం 2021లో వచ్చిన ఇ-శ్రమ్‌లో వారి పేర్లు చేర్పించాలి. ఇక రైతు సదస్సులలో మనం ప్రతి రైతునూ అడగవలసిన ప్రశ్న ఒకటుంది: 'మీ గట్టు మీది చెట్టెక్కే మనిషికి రెండవ కట్టు ఉన్నదా?'

ఒక యంత్రాన్ని పల్లెకు పరిచయం చేయడంతో విస్తరణ ముగియదు. దానిని పట్టే చేతికి కొత్త అలవాటు కుదిరినప్పుడే అది పూర్తయినట్లు.