పాలీహౌసులును వాననీరును

కప్పు క్రింద కూరగాయలు పండించు పాలీహౌసులకు ప్రభుత్వము ధనసహాయము చేయుట క్రొత్తగాదు. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన 2014 లోనే నూటికి 75 వంతుల సహాయము ప్రకటింపబడినది. చదరపు మీటరున కింత యని లెక్కగట్టి యిచ్చుటయే కాని, ఆ యింటికి నీరెచ్చటినుండి వచ్చును, చినిగిన పట్టా యెచ్చటికి బోవును అని యడిగినవారు తక్కువ. నారాయణఖేడు వంటి తావున ఈ రెండు ప్రశ్నలే ముఖ్యములని మా యభిప్రాయము.

1956 వరకు బీదరు జిల్లాలోనుండి, పిదప మెదకులోనికిని, 2016 లో సంగారెడ్డి జిల్లాలోనికిని వచ్చిన ఈ ప్రాంతము, జిల్లా లెన్ని మారినను మెట్టప్రాంతమే. మంజీర చేరువనే పారుచున్నను ఖేడు పొలములు చాలవరకు వానను, బోరును నమ్ముకొన్నవి. సింగూరు నీటిని ఎత్తి తెచ్చు బసవేశ్వర పథకమునకు 2022 ఫిబ్రవరిలో ఇచ్చటనే శంకుస్థాపనము జరిగినది. కాలువనీటి మాట యటుండనిండు. బోరునీటిపై పాలీహౌసును నిలుపుటయనగా పొరుగురైతు బావినీటిని తన కప్పు క్రిందికి లాగుకొనుటయే.

ఇందలి చిత్రమేమనగా, నీటికై బోరు వేసికొనిన ఆ యింటి కప్పే వాననీటిని బయటికి ద్రోయుచున్నది. పది గుంటల పాలీహౌసు కప్పు సుమారు 1,000 చదరపు మీటర్లు. ఏటికి 800 మిల్లీమీటర్ల వాన కురిసినచో దానిపై బడు నీరు 8 లక్షల లీటర్లు. డ్రిప్పు గొట్టములతో నిచ్చినచో కాప్సికమునకు దినమునకు చదరపు మీటరునకు 3, 4 లీటర్లు చాలును. నాలుగు నెలల పంటకు 5 లక్షల లీటర్లు మించవు. కొంత యావిరియైపోయినను, మొదటివాన మురికితో కొంత పారబోసినను, ఒక పంటకు లోటుండదు. కావలసినదెల్ల కప్పు అంచున నొక కాలువ, ప్రక్కన పట్టా పరచి పైన మూసిన నీటిగుంట. గుంటకు నేల పోవును, ఖర్చగును, కాదనము. ఎండిన బోరు ప్రక్కన మరియొక బోరు వేయుట మాత్రము చౌకయా?

హాలెండు దేశస్థులు చలికి తాళలేక గాజుటిండ్లను సహజవాయువుతో వెచ్చజేసికొందురు. 2022 లో ఆ వాయువు ధర మండిపోగా అచ్చటి సాగుదారులు మిక్కిలి యిక్కట్టు పడిరి. మనకు గావలసినది వేడి కాదు, చలువ. అందుకై పెద్ద ఫ్యానులను, తడిపిన అట్టలను అమర్చినచో విద్యుత్తును నీటిని రెంటిని త్రాగును. మన రాష్ట్రపు విద్యుత్తులో అధికభాగము బొగ్గునుండి వచ్చునదే. కప్పు శిఖరమున వేడిగాలి పోవుటకు సందు, ప్రక్కలకు పురుగులు దూరని వల, ఎండకాలమున నీడవల యున్నచో గాలియే పని చేయును. మే నెలలో పంటను మానుకొనుట యింకను మేలు. ఆ దినములలో మట్టిని తడిపి పలుచని పారదర్శకపు పట్టా నాలుగైదు వారములు కప్పియుంచినచో, వేళ్లను గొరుకు నులిపురుగులను ఎండయే చాలవరకు చంపును. మందుల ఖర్చును విషమును తగ్గును.

ఇక పట్టా. 200 మైక్రాన్ల పట్టా చదరపు మీటరునకు 180 గ్రాములకు పైగా తూగును. పది గుంటల యింటికి కప్పును ప్రక్కలును కలిపి పావుటన్ను. మన యెండకు మూడు నాలుగేండ్లలో అది మార్చవలసి వచ్చును. పాతది గట్టున కాల్చివేయబడుటయో, చీలికలై చేనిలో కలియుటయో జరుగుచున్నది. స్పెయినులో అల్మేరియా యను తావున 30,000 హెక్టార్లకు పైగా నేల ప్లాస్టిక్కు క్రింద నున్నది. అచ్చటి భూగర్భజలము క్రుంగినది, చినిగిన పట్టాలు వాగులకెక్కినవి. 2022 లో కేంద్రము ఉత్పత్తిదారులపై మోపిన బాధ్యతా నిబంధనలు సరకులను చుట్టు ప్లాస్టిక్కును గూర్చినవి. సేద్యపు కప్పు వాని కంటబడలేదు.

జొన్నయు కందియు పండు నేలలో ఈ యిండ్లేల యని కొంద రడుగుచున్నారు. ఆ ప్రశ్న తోసివేయదగినది కాదు. అయినను రెండెకరముల రైతునకు కూరగాయల రాబడిని కాదను హక్కు మనకు లేదు. హైదరాబాదుకు చెందిన ఖేతీ యను సంస్థ వలలతో డ్రిప్పుతో చిన్నరైతులకు తగిన చౌకయిల్లు నిర్మించి 2022 లో ఎర్త్‌షాట్ బహుమానము నందినది. ఆరుబయటి సేద్యముకంటె నీరు 98 వంతులు తక్కువ యని ఆ సంస్థవారు చెప్పుచున్నారు. అంత కాక సగమే యైనను మాకు సంతోషమే.

కావున ఉద్యానశాఖవారిని మేము కోరునది యిది. సహాయధనమున పదియవ వంతును నీటిగుంట త్రవ్వి కప్పునీరు అందులో బడువరకు నిలిపియుంచవలెను. పాత పట్టాను మరల తీసికొందునని వ్రాసియియ్యని వర్తకునకు ఈ పథకమున చోటీయరాదు. ఖేడు డివిజనులో రాబోవు పాలీహౌసుల దరఖాస్తులతోనే ఈ షరతులను ప్రారంభింపవచ్చును.