పూనకంలో పలికితే దేవత, పంచాయతీలో పలికితే?

బోనాల పూట పోచమ్మ గుడి ముందు శివసత్తుకు పూనకం వస్తే ఊరు ఊరంతా చెవులు రిక్కిస్తుంది. డప్పు ఆగుతుంది. ముఖం నిండా పసుపు, చేతిలో వేపమండ, విరబోసుకున్న జుట్టుతో ఊగుతున్న ఆ మనిషి ముందు ఊరి పెద్దలు చేతులు కట్టుకుని నిలబడతారు. ఎవరో ముందుకొచ్చి సాక పోస్తారు. వానలెప్పుడు పడతాయమ్మా, పసులకు రోగం ఎందుకొచ్చిందమ్మా, మావల్ల ఏం తప్పయింది తల్లీ అని అడుగుతారు. ఆమె గద్దిస్తుంది. గుడికి సున్నమెయ్యలేదని, నిరుడు మొక్కిన మొక్కు మరిచిపోయారని నలుగురిలో నిలదీస్తుంది. తప్పయింది తల్లీ అని మగవాళ్లు తలలు వంచుతారు. చొప్పదండి చుట్టుపక్కల ఊళ్లలో, ఆ మాటకొస్తే ఉత్తర తెలంగాణ అంతటా, ఇది ఎవరికీ కొత్త కాదు. అదే మనిషి గ్రామసభలో లేచి, బోరు మోటరు కాలిపోయి ఇన్నాళ్లయింది, బాగుచేయడానికి వచ్చిన పైసలు ఎటు పోయినయని అడిగితే మాత్రం, నువ్వు కూసో, నీ పెనిమిటిని రమ్మను అంటారు. గొంతు అదే, ఊరు అదే, వినేవాళ్లూ వాళ్లే. పూనకంలో పలికిన మాట ఆమెది కాదని నమ్మారు కనుక విన్నారు. గ్రామసభలో పలికింది ఆమె సొంత మాట కనుక వినలేదు. స్త్రీని శక్తి స్వరూపమని కొలిచే మన ఆచారం మీద నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. ఆ కొలుపు ఆడమనిషికి గౌరవం పెంచడం లేదు. ఆమె తెలివినీ, తెగువనీ, కోపాన్నీ ఆమె దగ్గర్నుంచి తీసుకుని దేవత ఖాతాలో వేస్తోంది.

పూనకం అబద్ధమనో, నాటకమనో నేననడం లేదు. ఉపవాసం, డప్పు దరువు, చుట్టూ జనం ఎదురుచూపు, చిన్ననాటి నుంచి చూసి చూసి ఒంటికి అలవాటైన ఊపు, ఇవన్నీ కలిస్తే మనిషి మామూలు స్పృహ నుంచి జారడం ప్రపంచమంతటా ఉన్నదే. దానికి దేవత అక్కర్లేదు. ఆ స్థితిలో ఆమె చెప్పేవి కూడా ఊళ్లో ఉన్న సంగతులే. గుడికి సున్నం లేదన్నది అందరూ చూస్తున్నదే, మొక్కు తీర్చలేదన్నది అందరికీ తెలిసిందే. ఇక వాన సంగతి ఆమె చెప్పినట్టు జరిగిన ఏళ్లు జనానికి గుర్తుంటాయి, జరగని ఏళ్లు మరిచిపోతారు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి జాతరలో పచ్చి కుండ మీద నిలబడి చెప్పే రంగం భవిష్యవాణిని ఏటా పత్రికలు మొదటి పేజీలో వేస్తాయి. మరుసటి ఏడాది ఆ మాటల్లో ఎన్ని నిజమయ్యాయో లెక్క చూసి రాసే అలవాటు మాత్రం లేదు. నన్ను బాధించేది భవిష్యవాణి తప్పడం కాదు. ఒక ఆడమనిషి మంత్రుల ముందు నిర్భయంగా మాట్లాడగలిగే రోజు ఏడాదికి ఒక్కటే కావడం, ఆ రోజు కూడా ఆమె తన పేరున మాట్లాడే వీలు లేకపోవడం.

పూజ పెరిగితే గౌరవం పెరుగుతుంది, గౌరవంతో అధికారం వస్తుంది అనేవారున్నారు. ఆ మాటను పరీక్షించడానికి మన రాష్ట్రం కంటే మంచి చోటు లేదు. 2014లో తెలంగాణ ఏర్పడగానే బతుకమ్మనూ, బోనాలనూ రాష్ట్ర పండుగలుగా ప్రకటించారు. రెండూ ఆడవాళ్ల పండుగలే. రెండింటిలోనూ కొలిచేది అమ్మవారినే. ఆ ఏడాదే కొలువుదీరిన మంత్రివర్గంలో ఒక్క మహిళ కూడా లేదు. 2019 సెప్టెంబరులో సబితా ఇంద్రారెడ్డి, సత్యవతి రాథోడ్ ప్రమాణం చేసేదాకా, అంటే ఐదేళ్లు దాటేదాకా, కొత్త రాష్ట్రానికి మహిళా మంత్రి అన్న మాటే లేదు. 119 స్థానాల శాసనసభకు 2014లో గెలిచిన మహిళలు 9 మంది, 2018లో 6 మంది, 2023లో 10 మంది. ఊరూరా పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ, ముత్యాలమ్మ ఉన్న నేలలో పదింట ఒక వంతుకు కూడా చేరని లెక్క ఇది. అమ్మవారిని కొలవడం వల్ల ఆడవాళ్ల మాటకు విలువ పెరుగుతుందన్నదే నిజమైతే ఈ అంకెలు ఇలా ఉండకూడదు.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల లెక్క ఇంకా చెబుతుంది. 2014లో ఈ రెండు జిల్లాల 23 స్థానాల నుంచి ముగ్గురు మహిళలు గెలిచారు. చొప్పదండి నుంచి బొడిగె శోభ, ఆసిఫాబాద్ నుంచి కోవ లక్ష్మి, ఖానాపూర్ నుంచి రేఖా నాయక్. చొప్పదండి ఎస్సీ రిజర్వుడు, మిగతా రెండూ ఎస్టీ రిజర్వుడు. 2018లో గెలిచింది రేఖా నాయక్ ఒక్కరే, 2023లో కోవ లక్ష్మి ఒక్కరే. ఈ రెండు జిల్లాల్లో జనరల్ స్థానాలు 15. మూడు ఎన్నికల్లో కలిపి 45 సార్లు ఆ స్థానాల్లో విజేతను ప్రకటిస్తే, ఒక్కసారి కూడా ఆడమనిషి పేరు వినపడలేదు. ఊరి ఆస్తి, పరపతి, దొరతనపు అలవాటు ఎక్కువగా ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లే పోటీపడే సీట్లవి. ఘనంగా గుళ్లు కట్టించేదీ, పండుగకు చందా పెద్ద మొత్తంలో రాసేదీ కూడా ఎక్కువగా వాళ్లే. ముగ్గురు నలుగురి గెలుపు నుంచి పెద్ద సిద్ధాంతం లాగడం సరికాదని నాకు తెలుసు. కానీ కూలికి పోయి, నలుగురిలో నోరు తెరిచి బతికే అలవాటున్న సమాజాల నుంచి ఆడవాళ్లు సభకు వెళ్లగలిగారు, గడప దాటకపోవడమే మర్యాద అనుకునే ఇళ్ల నుంచి వెళ్లలేకపోయారు అన్నది కొట్టిపారేయదగ్గ ఆలోచన కాదు.

వెంటనే వచ్చే జవాబు రుద్రమదేవి. ఏడు వందల ఏళ్ల కిందటే ఓరుగల్లు గద్దె మీద ఆడకూతుర్ని కూర్చోబెట్టిన జాతి మాది అంటారు. నిజమే, 1262 ప్రాంతం నుంచి 1289 దాకా ఆమె ఏలింది. సామంతుల తిరుగుబాట్లను అణచింది, దేవగిరి యాదవుల దాడిని తిప్పికొట్టింది. అయితే ఆమె కాలపు శాసనాలు చూడండి. చాలాచోట్ల ఆమె రుద్రదేవ మహారాజు. కొడుకుల్లేని గణపతిదేవుడు కూతురికి మగపేరు పెట్టి, మగవాడి హోదాలో నిలబెడితే తప్ప ఆనాటి వ్యవస్థ ఆమెను రాజుగా ఒప్పుకోలేదు. ఆమె శౌర్యానికి అది సాక్ష్యమే. ఆచారపు ఉదారతకు మాత్రం కాదు. చందుపట్ల శాసనం చెప్పకపోతే ఆమె ఎప్పుడు పోయిందో కూడా మనకు తెలిసేది కాదు. ఆ రాతి పలకను చదివి తేదీ తేల్చిన పరిశోధకులు రుద్రమకు చేసిన మేలు, ఆమెను దుర్గమ్మ అవతారమని పాడే పాటలు చేసినదానికంటే ఎక్కువ.

ఇందిరాగాంధీ విషయంలో ఈ అవతారం మాట మరింత నష్టం చేసింది. 1971 యుద్ధం గెలిచాక ఆమెను దుర్గ అన్నారు, బొమ్మలు కూడా అలాగే వేశారు. ఆ విజయం వెనుక నెలల తరబడి దౌత్యం ఉంది, సైన్యాధికారుల సలహా విని అదను కోసం ఆగిన ఓపిక ఉంది, శరణార్థుల భారం మోస్తూ చేసిన లెక్కలున్నాయి. దుర్గ అనగానే అవన్నీ కనుమరుగయ్యాయి. ఇంకో కీడు కూడా జరిగింది. మనిషి తప్పు చేస్తే అడగొచ్చు, దేవతను అడగలేం. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు అంత మంది నోరు మూసుకోవడానికి జైలు భయం ఒక కారణమైతే, అమ్మ ఏం చేసినా మన మంచికే అన్న భక్తి మరో కారణం. 1977లో ఓడించి, 1980లో మళ్లీ గెలిపించిన ఓటర్లే ఆమెను మనిషిగా చూశారు. ఆ 1980లో ఆమె గెలిచిన రెండు స్థానాల్లో ఒకటి మన మెదక్. హత్యకు గురయ్యేనాటికి ఆమె మెదక్ ఎంపీయే. ఓటు వేసినవాళ్లు ఆమెను తిరిగి ప్రశ్నించగలరు, దండం పెట్టినవాళ్లు ప్రశ్నించలేరు.

సమ్మక్క సారలమ్మలను దేవతలుగా చేసుకున్నందువల్లే కదా వాళ్ల పోరాటం మనదాకా వచ్చింది అనే వాదనను నేను తేలిగ్గా తీసుకోను. రాతలేని సమాజానికి జాతరే గ్రంథాలయం. జగిత్యాల దగ్గరి పొలవాసను ఏలిన మేడరాజు పేరూ, కాకతీయుల కప్పం మీద కోయలు తిరగబడ్డారన్న ఐతిహ్యమూ మేడారం దారి పట్టిన బండ్ల మీదే ఇంతకాలం బతికాయి. కానీ ఆ కథలో మనం దేన్ని మొక్కుతున్నాం? సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కుంకుమ భరిణెగా మారిందన్న అద్భుతాన్ని. కరువు ఏట పన్ను కట్టం అన్న ఆడమనిషి మాటను కాదు. బెల్లం తూకం వేసి ఇచ్చేవాళ్లలో ఎంత మంది అన్యాయపు పన్ను గురించి ఆలోచిస్తారు? అదే ములుగు నేల మీద మరో కోయ ఆడబిడ్డ దనసరి అనసూయ, జనం పిలిచే సీతక్క, మన కళ్లముందు ఎదిగింది. నక్సల్ ఉద్యమం నుంచి బయటికొచ్చి న్యాయశాస్త్రం చదివింది. 2004లో ఓడి, 2009లో గెలిచి, 2014లో మళ్లీ ఓడి, 2018లో, 2023లో గెలిచి మంత్రి అయింది. మధ్యలో 2022లో ఉస్మానియా నుంచి పీహెచ్‌డీ తెచ్చుకుంది. ఈ దారిలో ప్రతి మెట్టూ కనపడుతుంది, కనుక మరో ఆడపిల్ల ఎక్కగలదు. కుంకుమ భరిణెగా మారడం ఎవరికీ చేతకాదు. సీతక్క రాజకీయాలతో విభేదించేవాళ్లు విభేదించవచ్చు. దేవతతో ఆ వీలు ఉండదు.

ఆడవాళ్ల శక్తిని దేవతల్లో కాదు, మనుషుల్లో చూడాలన్న ఈ వాదాన్ని తెలుగులో నూరేళ్ల కిందటే ఒక మహిళ సాక్ష్యాలతో నిలబెట్టింది. భండారు అచ్చమాంబ బడి మొహం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. 1901లో వెలువడిన ఆమె అబలా సచ్చరిత్ర రత్నమాల, దేశంలోని స్త్రీల చరిత్రలను ఏరి కూర్చిన పుస్తకం. ఆడవాళ్లు పుట్టుకతోనే బలహీనులు, తెలివిలేనివాళ్లు అన్న మాటకు ఆమె శాపనార్థాలతో కాక చరిత్రతో జవాబు చెప్పింది. ఏలినవాళ్లను, రాసినవాళ్లను, చదివినవాళ్లను వరసగా నిలబెట్టి, మీ సిద్ధాంతం నిజమైతే వీళ్లెలా ఉన్నారని అడిగింది. ముప్పై ఏళ్లకే, 1905లో కన్నుమూసిన మనిషి అంత పని చేసింది. ఆమెను సరస్వతీదేవి అనడం పొగడ్త కాదు. అక్షరం కోసం ఆమె పడ్డ పాటును చెరిపేయడమే. టి.ఎన్. సదాలక్ష్మి బతుకు ఇంకో సాక్ష్యం. గుడి గడప తొక్కనివ్వని కులంలో పుట్టిన ఆమె, శాసనసభకు డిప్యూటీ స్పీకర్‌గానే కాదు, దేవాదాయ శాఖ మంత్రిగానూ పనిచేసింది. గుళ్ల లెక్కలు ఒక దళిత మహిళ సంతకంతో నడిచాయి. అందువల్ల ఏ దేవతా అలిగి ఊరు విడిచిపోలేదు. ఆ బతుకుకథను గోగు శ్యామల పుస్తకంగా తెచ్చేదాకా ఎంత మందికి ఆమె పేరు గుర్తుంది?

ఇక అందరూ వేసే చివరి ప్రశ్న సర్పంచుల గురించి. స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లకు ఇచ్చారు, ఏమైంది, మొగుళ్లే ఏలుతున్నారు కదా అంటారు. జెండా పండుగ నాడు తాడు లాగేది ఆమె, మైకు పట్టేది ఆయన. సంతకం ఆమెది, సర్పంచ్ సాబ్ అన్న పిలుపు ఆయనకు. ఇది నిజం, దాచాల్సిన పని లేదు. అయితే దీన్ని ఆడవాళ్ల చేతగానితనానికి రుజువుగా చూపేవాళ్లు, ఆడ పెత్తనం తంబళి దొరతనం అన్న పాత సామెతనే కొత్త మాటల్లో చెబుతున్నారు. ఇక్కడ మన ఊహలతో పని లేదు, పరీక్ష జరిగింది. పశ్చిమ బెంగాల్లో ఏ పంచాయతీ మహిళకు రిజర్వు కావాలో చీటీ వేసినట్టు నిర్ణయమవుతుంది కనుక, రెండు రకాల ఊళ్లను నిజాయితీగా పోల్చవచ్చు. 2019లో నోబెల్ అందుకున్న ఎస్తేర్ డఫ్లో, ఆమె సహచరులు అక్కడ ఒకే ప్రసంగాన్ని ఒకసారి మగ గొంతుతో, ఒకసారి ఆడ గొంతుతో రికార్డు చేసి జనానికి వినిపించారు. మాటలు అక్షరం తేడా లేవు. మహిళా నాయకత్వాన్ని ఎన్నడూ చూడని ఊళ్లలో మగవాళ్లు ఆడ గొంతుకు తక్కువ మార్కులు వేశారు. చూసిన ఊళ్లలో ఆ తేడా దాదాపు పోయింది. రెండు విడతలు మహిళలు ఏలిన చోట తర్వాత జనరల్ సీట్లలో కూడా మహిళలు ఎక్కువగా గెలిచారు. ఆడపిల్లల చదువు మీద తల్లిదండ్రుల ఆశలు పెరిగాయని 2012లో వచ్చిన మరో పరిశోధన తేల్చింది. ఏ పూజా చేయలేని పనిని కుర్చీ చేసింది. మొగుడు అడ్డు నిలిచిన ఊళ్లు కూడా ఆ లెక్కలో ఉన్నాయి, అయినా ఫలితం కనిపించింది.

పండుగల జోలికి ఎందుకు పోతారు, నమ్మకంతో ఎవరికేం నష్టం అంటే, బతుకమ్మ పేర్చడం మీద నాకు ఏ కోపమూ లేదు. తంగేడు, గునుగు, సీత జడ తెచ్చి ఆడవాళ్లంతా కలిసి ఆడిపాడే పండుగ అది, ఆ కలయికే వాళ్ల బలం. నష్టం ఆడమనిషిలో మానవాతీత శక్తి ఉందన్న నమ్మకంతో వస్తుంది. ఆ నమ్మకానికి రెండు మొహాలు. మేలు జరిగితే ఆమె దేవత, కీడు జరిగితే ఆమె మంత్రగత్తె. పిల్లవాడికి జ్వరం తగ్గకపోతే, బర్రె చచ్చిపోతే, బాణామతి చేసిందని ఒంటరి ఆడదాన్ని చెట్టుకు కట్టి కొట్టిన ఘటనలు ఇదే జిల్లాల వార్తల్లో మళ్లీ మళ్లీ వచ్చాయి. ఒకే గుడ్డి నమ్మకం ఒకరికి బోనమెత్తుతుంది, మరొకరి పళ్లు రాలగొడుతుంది. మొదటి మొహం ఉంచుకుని రెండోది వదిలేయడం కుదరదు.

చట్టసభల్లో మూడో వంతు సీట్ల కోసం 2023లో చేసిన చట్టానికి కూడా నారీ శక్తికి వందనమనే పేరు పెట్టి, జనగణన, డీలిమిటేషన్ అయ్యాకే అమలని షరతు రాశారు. పార్టీలు టికెట్లు ఇవ్వడానికి ఏ జనగణనా అడ్డం లేదు. మూడో వంతు ఇవ్వడం కుదరని పనేమీ కాదు. చొప్పదండిలోనే ఉన్న జవహర్ నవోదయ విద్యాలయంలో మూడో వంతు సీట్లు ఆడపిల్లలకు ఏళ్లుగా ఇస్తున్నారు, వాళ్లు పరీక్ష రాసి వస్తున్నారు, చదువుకుంటున్నారు. కరీంనగర్, ఆదిలాబాద్‌ల 15 జనరల్ స్థానాల్లో వచ్చే ఎన్నికల్లో ఎన్ని టికెట్లు మహిళలకు ఇస్తారని ప్రతి పార్టీ జిల్లా ఆఫీసుకు వెళ్లి ఇప్పుడే అడగాలి. అడగడానికి పూనకం రావాల్సిన పని లేదు.