ఎవరి లెక్క వారికి ఒప్పే

తర్కశాస్త్రం వారు దోషాలను ఏకరువు పెట్టేటప్పుడు అన్యోన్యాశ్రయమని ఒకదాన్ని చెబుతారు. ఇది తేలాలంటే ముందు అది తేలాలి, అది తేలాలంటే ముందు ఇది తేలాలి. దానికి తోబుట్టువులు కూడా ఉన్నాయి. తనకు తానే ఆధారమైతే ఆత్మాశ్రయం. మూడు నాలుగు చేతులు మారి మళ్ళీ మొదటికే వస్తే చక్రకం. మన పల్లెటూరి వాళ్ళకు ఇన్ని పేర్లు అక్కరలేకపోయాయి. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఈ దోషం పండితుల నోటా పల్లెటూళ్ళలోనే గాక, ఇంటర్నెట్టును నడిపే యంత్రాలలో కూడా నిక్షేపంగా కాపురం చేస్తున్నది. తెలుగు పాఠాలు చెప్పుకునే వాడికి ఆ గొడవ ఎందుకయ్యా అంటారేమో. బి.యస్సీ.లో నా దగ్గర రెండవ భాషగా తెలుగు చదువుకున్న కుర్రవాడొకడు, ఊళ్ళకు ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే ఒక కంపెనీలో ఇంజనీరుగా ఉన్నాడు. 2022 వానాకాలంలో అతనికి మెమో ఇచ్చారు. అతను చేయని తప్పుకు. ఆ మెమో కథ చెప్పాలంటే ముందు కాస్త శాస్త్రం చెప్పక తప్పదు. భయపడకండి, మన ఇళ్ళలో ఉన్న శాస్త్రమే.

రౌటర్ అనేది తపాలా సార్టింగ్ గుమాస్తా వంటిది. చేతికొచ్చిన మూట ఎక్కడికి పోవాలో చూసి, తరువాత ఎవరి చేతికి అందించాలో అంతవరకే నిర్ణయిస్తుంది. ఆపైన దాని పూచీ లేదు. ప్రపంచంలోని పెద్ద పెద్ద నెట్‌వర్కులు, ఫలానా ఊరికి మా గుండా దారి ఉందని ఒకరికొకరు కబురు చెప్పుకునే పద్ధతి పేరు బి.జి.పి. 1989 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఇంజనీర్ల సమావేశం జరుగుతున్నప్పుడు, సిస్కో కంపెనీకి చెందిన కిర్క్ లాహీడ్, ఐ.బి.ఎం.కు చెందిన యాకవ్ రెఖ్టర్ భోజనాల దగ్గర కూర్చుని, మూతి తుడుచుకునే కాగితపు రుమాళ్ళ మీద దీని నమూనా గీశారు. ఆ జూన్‌లోనే అది ఆర్.ఎఫ్.సి. 1105 అనే పత్రంగా వెలువడింది. ఇప్పటి నాలుగవ కూర్పుకు 2006 జనవరి నాటి ఆర్.ఎఫ్.సి. 4271 ప్రమాణం. మహాగ్రంథాలకు తాళపత్రాలే కావాలని లేదన్నమాట.

వారు చేసిన తెలివైన పని ఒకటున్నది. దారి కబురు ఏ నెట్‌వర్కు గుండా పోతే ఆ నెట్‌వర్కు తన నంబరును దానికి తగిలిస్తుంది. వచ్చిన కబురులో తన నంబరే కనబడితే, ఇది తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చిందని తోసేస్తుంది. మనవాళ్ళు పెళ్ళి సంబంధం రాగానే ఇంటిపేరు, గోత్రం అడిగి, మనదే అయితే వద్దు పొమ్మన్నట్టు. ఈ ఒక్క పరీక్షతో బయటి ప్రపంచంలో కబుర్లు సుడి తిరగడం తప్పిపోయింది.

చిక్కల్లా ఇంట్లోనే. ఒకే కంపెనీ లోపల వందల రౌటర్లుంటాయి. ఇంట్లో అందరిదీ ఒకటే ఇంటిపేరు గదా, ఇంటిపేరు చూసి ఏం పోల్చుకుంటారు? అందుకని లోపలి బి.జి.పి.కి, అంటే ఐ.బి.జి.పి.కి, వేరే కట్టడి పెట్టారు: ఇంట్లో ఒకరి దగ్గర విన్నమాట ఇంట్లో మరొకరికి మోయకూడదు. ఇది మన ఉమ్మడి కుటుంబాలకు కూడా పనికివచ్చే సూత్రమే గాని, దీనికి ఖర్చున్నది. ఎవరి కబురు వారే అందరికీ స్వయంగా చెప్పుకోవాలి. పదిమంది ఉంటే 45 జంటలు మాట్లాడుకోవాలి. వందమంది ఉంటే 4,950 జంటలు. ఇది పడలేక 1996లో రూట్ రిఫ్లెక్టర్ అనే ఏర్పాటు తెచ్చారు. ఇంటికి ఒకరిద్దరు పెద్దలుంటారు. పిల్లలు పెద్దలకు చెబుతారు, పెద్దలు తక్కిన పిల్లలకు చెబుతారు. ఆ కబురు సుడి తిరగకుండా మొదట ఎవరు చెప్పారో, ఏ పెద్దల గుండా వచ్చిందో దాని మీద రాసి పెడతారు.

గమనించండి. ఈ కట్టుబాట్లన్నీ కబురు తిరగకుండా చేసినవి. మూట తిరగకుండా ఎవరు చూడాలి?

ఇక కేరాఫ్ సంగతి. లోపలి రౌటర్‌కు దారి కబురు వచ్చినప్పుడు, ఎడమవైపు తీగలో పంపు, కుడివైపు తీగలో పంపు అని ఉండదు. ఫలానా సోమయ్య ద్వారా పంపు అని మాత్రమే ఉంటుంది. దీన్ని వాళ్ళు నెక్స్ట్ హాప్ అంటారు, మనం కేరాఫ్ అందాం. సోమయ్య ఎక్కడున్నాడో రౌటర్ మళ్ళీ వెతుక్కోవాలి. ఆ సంగతి ఇంటి లోపలి దారులు చెప్పే ఓ.ఎస్.పి.ఎఫ్. వంటి మరొక పద్ధతి చెప్పాలి. ఇలా ఒక జవాబు కోసం మరొక ప్రశ్న వేసుకుంటూ, చివరికి ఫలానా తీగ అనేదాకా పోవాలి. అది ధర్మం.

ఇప్పుడు సోమయ్య ఇంటి చిరునామా కూడా బి.జి.పి. ద్వారానే, అదీ సోమయ్య నోటనే వచ్చిందనుకోండి. సోమయ్య ఎక్కడ? కేరాఫ్ సోమయ్య. ఇది అచ్చమైన ఆత్మాశ్రయం. రామయ్యకు కేరాఫ్ సోమయ్య, సోమయ్యకు కేరాఫ్ రామయ్య అయితే అన్యోన్యాశ్రయం. ఇటువంటి దారులు చెల్లవని 4271 ప్రమాణమే స్పష్టంగా చెప్పింది. అయినా వస్తాయి. ఎందుకు వస్తాయంటే, మొదట్లో సోమయ్యకు ఏదో ఒక స్థూలమైన దారి ఉంటుంది, తెలియనివన్నీ అటు పంపు అని. ఆ దారిలోనే సోమయ్యతో పరిచయం కుదురుతుంది. కుదిరాక సోమయ్య తనకు తెలిసిన చిరునామాలన్నీ చెబుతూ తన చిరునామా కూడా చెబుతాడు. సూక్ష్మంగా చెప్పిన చిరునామా దొరికితే స్థూలమైనదాన్ని పక్కన పెట్టడం రౌటర్ల నియమం. అంతే, అప్పటిదాకా పనిచేస్తున్న దారి పోయి, సోమయ్య మీద సోమయ్యే వేలాడతాడు. కాసేపటికి రౌటర్ ఇది నిలవదని కొత్త చిరునామా కొట్టివేస్తుంది. పాత దారి మళ్ళీ పనిచేస్తుంది. సోమయ్య మళ్ళీ చిరునామా చెబుతాడు. సిస్కో వారు తమ మార్గదర్శక పత్రంలో ఈ రోగాన్నే ఉదాహరణగా చూపారు: దారి నిమిషానికొకసారి వచ్చి పోతుంటుంది. యంత్రం నిమిషానికొకసారి తనిఖీ చేసుకుంటుంది గనుక ఆ లయ. వచ్చిపోయే జ్వరానికి వేళ తెలిస్తే వైద్యుడికి సగం రోగం తెలిసినట్టే గదా! మందు కూడా చిన్నదే. సోమయ్య ఇంటికి బి.జి.పి.తో నిమిత్తం లేని నికరమైన దారి ఒకటి రాసిపెట్టాలి, లేదా సోమయ్య నోట సోమయ్య చిరునామా వినకూడదని కట్టడి చేయాలి.

ఈ రోగం కనీసం ఎగిరెగిరి పడుతుంది గనుక కనబడుతుంది. మా శిష్యుడికి తగిలింది దీని అన్నగారు. అది ఎగరదు, కదలదు. అన్ని దీపాలూ పచ్చగానే వెలుగుతుంటాయి.

వాళ్ళ కంపెనీలో నాలుగు ఊళ్ళలో నాలుగు రౌటర్లు. ఊళ్ళ పేర్లెందుకు, పరుషాల వరసలో క, చ, ట, త అనుకుందాం. బయటి ప్రపంచానికి గుమ్మాలు రెండు, ఒకటి క దగ్గర, ఒకటి త దగ్గర. క, త ఇద్దరూ పెద్దలు. క నుంచి చ, చ నుంచి ట, ట నుంచి త, ఇలా వరసగా తీగలున్నాయి. ఇవిగాక చ నుంచి తకు ఒకటి, ట నుంచి కకు ఒకటి సూటి తీగలు ఉండేవి. ఆ సూటి తీగలను బట్టే చను త పెద్దరికం కింద, టను క పెద్దరికం కింద పెట్టారు. అప్పటికి అది తెలివైన ఏర్పాటే.

వానలకు ముందు రోడ్డు వెడల్పు చేసే యంత్రం వచ్చి ఒక చోట కందకం తవ్వింది. సూటి తీగలు రెండూ కాగితం మీద వేరువేరు, భూమిలో మాత్రం ఒకే గొట్టం. రెండూ ఒక్క వేటుకు తెగాయి. లోపలి దారుల పద్ధతి రెప్పపాటులో సర్దుకుని, మిగిలిన వరస తీగల మీదుగా దారులు వేసింది. చ, త పెద్దమనుషుల్లా మాట్లాడుకుంటూనే ఉన్నారు, ట గుండా. ట, క కూడా అంతే, చ గుండా. ప్రధాన కార్యాలయంలో గోడ మీది పటం నిండా ఆకుపచ్చ.

ఇప్పుడు చ ఊళ్ళో ఒకామె తన బిడ్డ పరీక్ష రుసుము కట్టడానికి మీట నొక్కింది. మూట చ చేతికొచ్చింది. మా పెద్దాయన త, గుమ్మం అక్కడే, దారి ట గుండా, అని చ దాన్ని టకు అందించింది. ట చూసింది. మా పెద్దాయన క, గుమ్మం అక్కడే, దారి చ గుండా, అని తిరిగి చకు ఇచ్చింది. చ మళ్ళీ టకు. మూటల మీద ఆయుష్షు రాసి ఉంటుంది, చేయి మారినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. 64తో బయలుదేరిన మూట ఆ ఒక్క తీగ మీద అరవై సార్లకు పైగా అటూ ఇటూ తిరిగి, గుమ్మం చూడకుండానే కన్నుమూస్తుంది. ఒక మూట తీసుకోవలసిన చోటు అరవై మూటల చోటవుతుంది. తీగ కిక్కిరిసిపోయింది.

చ ఊరి నుంచి ఫిర్యాదులు. చ ఊళ్ళో ఉన్నది మావాడు. ప్రధాన కార్యాలయం ఉన్నది క దగ్గర. వాళ్ళు అక్కడి నుంచి ప్రతి రౌటర్‌నూ పలకరించి చూశారు, అన్నీ పలికాయి. పలకవూ మరి! రౌటర్ల మధ్య దారులు బాగానే ఉన్నాయి. క నుంచి బయటికి పోయే మూట చను గాని టను గాని తొక్కనే తొక్కదు. రెండు పెట్టెల రాతకోతలూ పరిశీలించి, తప్పు లేదని తేల్చారు. అదీ నిజమే. తీగ నిండిపోయింది గనుక పెద్ద తీగ వేయించడానికి అంచనా తయారు చేయమన్నారు. సకాలంలో సామర్థ్యం చాలడం లేదని తెలియజేయనందుకు మావాడికి మెమో. ఒక పై అధికారి పెట్టెలు ఆర్పి వెలిగించమని సలహా కూడా ఇచ్చాడట. రౌటర్ల వైద్యంలో అది చన్నీళ్ళ స్నానం వంటిది. మంచిదే, కాని ఈ రోగానికి కాదు.

"మాస్టారూ, ఎవరిని అడిగినా నాది ఒప్పు అంటున్నారు. నిజంగానే ఒప్పు. మరి మూటలు ఎక్కడ చస్తున్నాయి?" అని ఫోనులో అన్నాడు. ప్రశ్నలోనే జవాబున్నదనిపించింది గాని నేను కిమ్మనలేదు. వాడికి తెలియని బి.జి.పి. నాకేం తెలుసు?

ఆ రాత్రి వాడు చేసిన పని రెండు ముక్కలు. చ ఊళ్ళోని ఒక వాడుకదారు ఇంటి నుంచి ట్రేస్‌రూట్ వేశాడు. ఆయుష్షు ఒకటి, రెండు, మూడు అని పెంచుకుంటూ మూటలు పంపి, ఏది ఎక్కడ చచ్చిందో చెప్పించుకునే ఉపాయం అది. జాబితా వచ్చింది: చ, ట, చ, ట, చ, ట. తరువాత నాలుగు పెట్టెలనూ ఒకే ప్రశ్న అడిగాడు: ఈ చిరునామాకు నీ గుమ్మం ఏది, ఆ గుమ్మానికి నీ తీగ ఏది? నాలుగు జవాబులనూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాశాడు. ఏ జవాబూ విడిగా తప్పు కాదు. పక్కపక్కన పెడితే చ చేయి ట వైపు, ట చేయి చ వైపు.

ఇది వాడు కనిపెట్టిన వింత కాదు. గ్రిఫిన్, విల్‌ఫాంగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 2002లోనే ఐ.బి.జి.పి. అమరిక ఎప్పుడు ఒప్పో ఎప్పుడు కాదో విచారించి వ్యాసం రాశారు. దారిలో ఉన్న రౌటర్ మొదటి రౌటర్ ఉద్దేశించిన గుమ్మానికి గాక మరొక గుమ్మానికి మూటను మళ్ళించడం, దానివల్ల సుడి పుట్టడం, అందులో ఉన్నాయి. పెద్దరికం తీగల వరసను అనుసరించాలి, లేదా పిల్లలకు ఇద్దరు పెద్దల మాటా వినబడాలి. మావాడు రెండవదే చేశాడు. చను కకు కూడా, టను తకు కూడా పిల్లలను చేశాడు. చకు దగ్గరి గుమ్మం క అని, టకు దగ్గరి గుమ్మం త అని వాటికే తోచింది. తెల్లవారుజామున తీగ మీది బరువు చప్పున దిగిపోయింది. పెద్ద తీగ అంచనా బల్ల మీదే ఉండిపోయింది.

మెమో సంగతి ఏమైందని తరువాత అడిగాను. దాన్ని ఉపసంహరించాలంటే లోపం ఎక్కడిదో ప్రధాన కార్యాలయం నివేదిక ఇవ్వాలట. నివేదిక రాయాలంటే ముందు మెమోకు వీడి సంజాయిషీ అందాలట. సంజాయిషీలో ఏమని రాయను మాస్టారూ అంటే, ఆ నాలుగు జవాబుల కాగితం జతచేసి పంపరా అన్నాను. పంపాడు.