నంబరా, ఇంటిపేరా?

పిల్లలూ! మీరు ఇంటర్నెట్టులో ఒక పేజీ తెరిచినప్పుడు ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటరు దాన్ని మీకు పంపుతుంది. అటువంటి కంప్యూటర్లలో చాలావాటిని నడిపేది లినక్స్. 1991లో ఫిన్లాండులో చదువుకుంటూ ఉండిన లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దీనిని మొదలుపెట్టాడు.

ఆ కంప్యూటర్ల ముందు సాధారణంగా మనుషులెవరూ కూర్చుని ఉండరు. తెరమీద కనపడకుండా, అడిగినవారికి అడిగినది అందిస్తూ రాత్రింబగళ్ళు పనిచేసే ప్రోగ్రాములు వాటిలో ఉంటాయి. వీటినే సర్వీసులంటారు. మరి కనపడని ఈ పనివాళ్ళను కనిపెట్టి ఉండేదెవరు?

లినక్స్‌లో నడిచే ప్రతి ప్రోగ్రాముకూ ఒక నంబరు ఉంటుంది. అన్నిటికంటే ముందు లేచేదానికి 1వ నంబరు. సర్వీసులను లేపేది అదే. పూర్వం, సర్వీసు మొదలుకాగానే దాని నంబరును ఒక చిన్న ఫైలులో రాసి ఉంచేవారు. ఆపవలసి వచ్చినప్పుడు ఫైలు చూసి, ఆ నంబరు గలదాన్ని ఆపేవారు.

ఇందులో ఒక ప్రమాదం ఉన్నది. 812వ నంబరు ప్రోగ్రాము హఠాత్తుగా ఆగిపోయిందనుకోండి. ఫైలులో నంబరు అలాగే ఉండిపోతుంది. కొంతకాలానికి 812 మరొక ప్రోగ్రాముకు వస్తుంది. అది మీ పరీక్ష మార్కులను దాచే ప్రోగ్రామైతే? బడి మానిన పిల్లవాడి నంబరు కొత్తవాడికి ఇచ్చి, పాత రిజిస్టరు చూసి శిక్ష వేస్తే అది ఎవరికి పడుతుంది?

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఒక ప్రోగ్రాము పిల్ల ప్రోగ్రాములను పుట్టిస్తుంది. తల్లి పోతే ఆ పిల్లలు సాధారణంగా 1వ నంబరు పంచన చేరుతాయి. అప్పుడు అవి ఎవరి పిల్లలో తెలుసుకోవటం కష్టం.

2008లో లినక్స్‌లోకి సీగ్రూపులు అనే ఏర్పాటు వచ్చింది. 2010లో వచ్చిన సిస్టమ్‌డి దానిని వాడుకున్నది. ఈనాడు చాలా లినక్స్ కంప్యూటర్లలో 1వ నంబరు దీనిదే. ఇది ప్రతి సర్వీసుకూ ఒక గుంపు ఏర్పరుస్తుంది. ఆ గుంపు ఇంటిపేరు వంటిది. సర్వీసులో పుట్టిన ప్రతి పిల్లకూ అదే వస్తుంది. తల్లి పోయినా ఇంటిపేరు పోదు. మామూలు ప్రోగ్రాము దానిని తనంతట తాను మార్చుకోలేదు. అందుచేత సర్వీసును ఆపినప్పుడు దాని పిల్లలన్నీ దొరుకుతాయి, పరాయివాటికి హాని జరగదు.

ఆపటంలోనూ ఒక పద్ధతి ఉన్నది. ముందుగా “పని ముగించు” అని కబురు పెడుతుంది. సామాన్యంగా 90 సెకన్లు ఆగుతుంది. అప్పటికీ వినకపోతేనే బలవంతాన ఆపుతుంది. రాస్తున్న లెక్క సగంలో చెడిపోకుండా ఉండటానికే ఈ గడువు.

పడిపోయిన సర్వీసును తిరిగి లేపమని ముందే రాసి ఉంచితే లేపుతుంది కూడా. అయితే, మనం వేరే చెప్పకపోతే, 10 సెకన్లలో 5 సార్లు లేపి, ఆపైన ఊరుకుంటుంది. జరిగినదంతా చిట్టాలో ఉంటుంది. మాటిమాటికీ ఎందుకు పడుతున్నదో ఆ చిట్టా చదివి తెలుసుకోవలసినది మాత్రం మనిషే!