ఉచితం కాదండీ, స్వేచ్ఛ!

నేనుండే అమెరికా ఊరి నుంచి మృదంగం వాయించే మిత్రుడి ఇంటికి కారులో నాలుగు గంటలు. ఆయనకు శనివారం ఖాళీ ఉంటే నాకుండదు. అందుకని మొన్న ఉగాదికి మా తెలుగు సంఘం వేదిక మీద ఒక వయొలిన్, ఒక కంజిరా, ఒక పాత లాప్‌టాప్ పెట్టుకుని ఒక్కణ్ణే కూర్చున్నాను. కంజిరా మీద మిశ్రచాపు ఒక ఆవర్తం వాయించి కాలితో మీట నొక్కాను. అది మళ్ళీ మళ్ళీ మోగుతుంటే, దాని మీద వయొలిన్‌తో షడ్జమ పంచమాలు శ్రుతిగా చేర్చి, ఆపైన కీర్తన అందుకున్నాను. ముందే రికార్డు చేసి తెచ్చింది ఒక్క ముక్క లేదు.

తర్వాత ఒక పెద్దాయన పులిహోర ప్లేటుతో వచ్చి, "బాగుందండీ. కానీ ఊరికే దొరికే సాఫ్ట్‌వేరెందుకు? నాలుగు డాలర్లు పెట్టి మంచి పెట్టె కొనుక్కోకూడదూ?" అన్నారు. పక్కాయన, "అసలు మిషను తిప్పేది సంగీతమెలా అవుతుందండీ?" అన్నారు. ఇద్దరికీ ఆ రోజు నోరు పెగల్లేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ముందు రెండో ఆయనకు. ఇది నిన్నటి వింత కాదు. 1960లలోనే టెర్రీ రైలీ రెండు టేపురికార్డర్ల మధ్య ఒకే టేపు నడిపి తన వాద్యాన్ని తన మీదికే రప్పించుకున్నాడు. ఈ యంత్రం తనంతట తాను ఒక్క స్వరం పలకదు. నేను తప్పు వేస్తే ఆ తప్పునే ప్రతి ఆవర్తంలోనూ వినిపిస్తుంది. మా గురువుగారు కూడా ఇంత కఠినంగా ఉండేవారు కాదు. కరావొకే ట్రాకుకు చప్పట్లు కొట్టే సభకు దీని మీదా అభ్యంతరం!

ఇక పెట్టె. అదీ కొన్నాను. దాని తాళాలన్నీ మూడు, నాలుగు లెక్కలే. లెక్కకు కట్టి రికార్డు చేస్తే నా ఏడును ఎనిమిదికి లాగేది. కంపెనీకి రాస్తే, ఆ మోడలుకు ఇక మార్పులు చేయమన్నారు. లోపల ఏముందో చూసే దారి లేదు. డబ్బు నాది, తాళం వాళ్ళది.

ఇప్పుడు వాడేది జెస్సీ చాపెల్ రాసిన సూపర్‌లూపర్. లినక్స్ మీద, పాల్ డేవిస్ మొదలుపెట్టిన జాక్ అనే ధ్వని వ్యవస్థతో నడుపుతున్నాను. చక్రానికి ఎన్ని మాత్రలో నేనే చెబుతాను: మిశ్రచాపుకు 7, ఖండచాపుకు 5. ఫీడ్‌బ్యాక్ కాస్త తగ్గిస్తే పాత పొరలు ఆవర్తానికింత చొప్పున సన్నగిల్లి కొత్తవాటికి చోటిస్తాయి.

కష్టం లేదనను. సెకనుకు 48,000 శాంపిళ్ళ దగ్గర 1024 శాంపిళ్ళ బఫర్లు రెండు పెడితే శబ్దం సుమారు 43 మిల్లీసెకన్లు ఆలస్యం. చెయ్యి ఒకచోట, మోత ఇంకోచోట. 128కి తగ్గిస్తే ఆలస్యం 5 మిల్లీసెకన్లే, కానీ నా ముసలి యంత్రం చిటపటలాడింది. సర్దుకోవడానికి నెల పట్టింది. అయితే ప్రతి తప్పుకూ కారణం వెతికితే దొరికింది. "ఇక మార్చం" అన్న జవాబు మాత్రం ఎక్కడా రాలేదు.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాటకే రెండర్థాలు. 1983లో గ్నూ ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ ఆ తేడాను ఎన్నేళ్ళు విడమరచి చెప్పాల్సి వచ్చిందో! మనకా తిప్పలు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు, కావాలంటే అమ్ముకోనూవచ్చు. పెద్దాయనా, నేను వెతుక్కున్నది చవకను కాదు.

ఒకటి ఒప్పుకుంటాను. ఈ లూపు, బుర్రకథలో వంతలాగా నా మాటకు ఎదురుమాట చెప్పదు. మిత్రుడు మృదంగంతో వస్తే ఆ క్షణమే లాప్‌టాప్ మూసేస్తాను. కానీ రాని రోజులే ఎక్కువ. ఆ రోజుల్లో ఇక్కడి పిల్లలు నాలుగు లెక్క పెట్టెలతోనే సాధన చేస్తే, ఏడు వాళ్ళకు తాళంలా కాదు, పొరపాటులా వినిపిస్తుంది. నా భయమంతా అదే.

సంఘంవారికి ఒక్కటే మనవి. మీ ఇళ్ళల్లో మూలపడ్డ లాప్‌టాప్ ఒకటి ఇప్పించండి. వచ్చే ఉగాదికి వేదిక వద్దు, పక్కగది చాలు. పిల్లలు ఏడు లెక్కపెట్టి సరిగ్గా మీట నొక్కేదాకా నేను వాళ్ళ పక్కనే కూర్చుంటాను.